గుంపు లెక్క, మనిషి రోగం

శస్త్రచికిత్సకు ముందు రోగి గొంతులోకి గొట్టం దించడానికి కండరాలను క్షణాల్లో సడలించే మందు ఒకటుంది. దాని పేరు సక్సినైల్‌కోలిన్. సాధారణంగా దాని ప్రభావం ఐదు పది నిమిషాలకు మించదు. రక్తంలోని బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము దాన్ని త్వరత్వరగా విచ్ఛిన్నం చేస్తుంది. పుట్టుకతోనే ఆ ఎంజైము లోపించినవారి విషయంలో కథ మారిపోతుంది. ఆపరేషన్ ముగుస్తుంది, మిగతా మత్తు దిగుతుంది, ఊపిరి మాత్రం రాదు. ఛాతీ కండరాలు గంటల తరబడి కదలవు. కారణం ఊహించగలిగిన వైద్యుడు కంగారుపడకుండా రోగిని వెంటిలేటరు మీద ఉంచి, మందు దానంతట అదే తగ్గేదాకా కాచుకుంటాడు. కారణం తెలియని చోట, యంత్రం లేని చోట అది ప్రాణం మీదికి వస్తుంది.

ప్రపంచంలో ఈ లోపం అరుదు. ఆర్యవైశ్యుల్లో అంత అరుదు కాదు. 2006లో కోయంబత్తూరు పరిశోధకులు ఆ సమాజంలో ఈ ఎంజైమును తయారుచేసే జన్యువులో ఒక ప్రత్యేకమైన మార్పును గుర్తించారు. 307వ స్థానంలో లూసిన్ ఉండవలసిన చోట ప్రొలీన్ ఉంది. అమెరికాలోని డేవిడ్ రైక్ బృందం, హైదరాబాదు సీసీఎంబీలోని లాల్జీ సింగ్, తంగరాజ్ కలిసి 2009లో ‘నేచర్’ పత్రికలో భారతీయ జనసమూహాల మీద ప్రచురించిన వ్యాసం ఈ చిక్కుముడి వెనక ఉన్న చరిత్రను విప్పింది. వైశ్యులు సుమారు మూడువేల ఏళ్లుగా ఇరుగుపొరుగు సమూహాలతో దాదాపు వియ్యమందలేదని వారి లెక్కల్లో తేలింది. కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగిన సమూహంలో, ఆ పూర్వీకుల్లో ఏ ఒక్కరిలోనో ఉన్న లోపం తరతరాలుగా చెదరకుండా నిలుస్తుంది. భారతదేశంలో వైశ్యులకు ఇలాంటి మందులు ఇవ్వకూడదని వైద్యులకు తెలుసన్న సంగతిని రైక్ తన 2018 నాటి పుస్తకం ‘హూ వీ ఆర్ అండ్ హౌ వీ గాట్ హియర్’లో రాశారు. కుల ప్రస్తావన వైద్యపరంగా ఒక ప్రాణాన్ని కాపాడే సందర్భం ఇది.

అయితే ఇది ఒక్క జన్యువు కథ. లోపం ఉంటే ఫలితం ఉంటుంది, లేకపోతే లేదు. ఆసుపత్రి మంచాలను నింపుతున్న మధుమేహం, రక్తపోటు, గుండెపోటు, పిచ్చి ఇంత సులువుగా లొంగేవి కావు. అవి కుటుంబాల్లో నడుస్తాయని అమ్మమ్మలకు కూడా తెలుసు. కాని ఏ తరంలో ఎవరిని పట్టుకుంటాయో ఏ వంశవృక్షమూ చెప్పదు. ఈ తేడాను అర్థం చేసుకోవడానికి వైద్యులకన్నా ముందు గణితజ్ఞులు నూరేళ్లకు పైగా కష్టపడ్డారు. ఆ చరిత్రలో మేధస్సు ఎంత ఉందో అపరాధమూ అంత ఉంది.

కథ డార్విన్ బంధువు ఫ్రాన్సిస్ గాల్టన్‌తో మొదలవుతుంది. ఆయన 205 దంపతుల ఎత్తులనూ, పెరిగి పెద్దవారైన వారి 928 మంది సంతానం ఎత్తులనూ పోల్చి 1886లో ఒక వ్యాసం ప్రచురించాడు. పొడగరుల బిడ్డలు పొడవే గాని, సగటున తల్లిదండ్రులంత కాదు. పొట్టివారి బిడ్డలు పొట్టే గాని అంత పొట్టి కాదు. సగటు వైపు జరిగే ఈ మళ్లింపునే ఆయన ‘రిగ్రెషన్’ అన్నాడు. నేడు ప్రతి వైద్య పత్రికలోనూ కనిపించే ఆ మాటకు పుట్టిల్లు వంశపారంపర్యమే. ఆయన శిష్యుడు కార్ల్ పియర్సన్ ఆ కొలతలను ఒక శాస్త్రంగా మలిచాడు.

ఇంతలో 1900లో మెండెల్ బఠానీల ప్రయోగాలు మళ్లీ వెలుగులోకి వచ్చాయి. రెండేళ్లకే లండన్ వైద్యుడు ఆర్చిబాల్డ్ గారడ్, మూత్రం గాలి తగిలి నల్లబడే ఆల్కప్టోనూరియా అనే వ్యాధి మెండెల్ సూత్రానికి సరిపోతుందని చూపాడు. ఆయనకు దారి చూపిన ఆధారం తెలుగువారికి సుపరిచితమైనదే. ఆ పిల్లల తల్లిదండ్రులు చాలామంది వరసకు అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల బిడ్డలు. దానితో రెండు శిబిరాలు ఏర్పడ్డాయి. వంశపారంపర్యం ఉంటే ఉంది, లేకుంటే లేదన్నట్టు పూర్తి ముక్కలుగా సంక్రమిస్తుందని మెండెల్ వాదులు చెప్పారు. ఎత్తు, బరువు ఏ ముక్కలుగానూ లేవు, సన్నగా వాలే కొండలా ఉన్నాయని పియర్సన్ వర్గం ఎదురు వాదించింది. ఈ తగవు పదిహేనేళ్లకు పైగా సాగింది.

దాన్ని తీర్చినవాడు చూపు మందగించిన ఒక బడి పంతులు, రోనాల్డ్ ఫిషర్. లండన్ రాయల్ సొసైటీలో పరిశీలకులు పెదవి విరిచిన ఆయన వ్యాసం 1918లో ఎడిన్‌బరోలో అచ్చయింది. అందులోని ఆలోచనను అష్టాచెమ్మా ఆడినవారెవరైనా పట్టుకోగలరు. నాలుగు గవ్వలు విసిరితే అన్నీ వెల్లకిలానో అన్నీ బోర్లానో పడడం వింత కాదు, ఎనిమిది సార్లలో ఒకసారి పడతాయి. వంద గవ్వలు దోసిట పట్టి విసిరితే అలా పడడం ఈ జన్మలో చూడలేం. లెక్క ఎప్పుడూ యాభైకి అటూ ఇటూ తిరుగుతుంది. ఒక్కొక్క గవ్వ మెండెల్ చెప్పినట్టు రెండే రెండు రకాలుగా పడుతుంది. మొత్తం మాత్రం గాల్టన్ చూసినట్టు నునుపైన కొండలా ఉంటుంది. అంటే రెండు శిబిరాలూ ఒకే సత్యాన్ని రెండు దూరాల నుంచి చూస్తున్నాయి. సంఖ్యాశాస్త్రంలో ‘వేరియన్స్’ అనే మాట ఈ వ్యాసంతోనే పుట్టింది.

మరి ఎత్తు కొలవగలిగినది, జబ్బు ఉండడమో లేకపోవడమో కదా? దీనికి జవాబును 1965లో డగ్లస్ ఫాల్కనర్ స్పష్టం చేశాడు. వెల్లకిలా పడిన గవ్వలు ఒక గీత దాటితే జబ్బు బయటపడుతుంది. గీతకు ఒక గవ్వ ఇవతల ఉన్నవాడు ఆరోగ్యవంతుడే, అయినా వాడి బిడ్డలకు ప్రమాదం తప్పలేదు. తిండి, శ్రమ, పొగ, పేదరికం ఆ గీతకు దగ్గరగానో దూరంగానో మనిషిని జరుపుతుంటాయి. తండ్రికి లేని మధుమేహం కొడుక్కి నలభయ్యో ఏట ఎందుకు వచ్చిందో చెప్పడానికి ఇంతకన్నా మంచి చిత్రం ఇంకా దొరకలేదు. అనువంశికత ఇంత శాతం అనే అంకెను అపార్థం చేసుకునే ప్రమాదం కూడా ఇక్కడే ఉంది. అది ఒక జనసమూహంలో, ఒక కాలంలో మనుషుల మధ్య ఉన్న తేడాలను గురించిన అంకె. ఒక మనిషి జబ్బులో ఇంత భాగం జన్యువులది, ఇంత భాగం తిండిది అని విడదీసి చెప్పే అంకె కాదు.

ఆ అపార్థానికి మానవజాతి భారీ మూల్యం చెల్లించింది. సుజననశాస్త్రానికి 1883లో పేరు పెట్టినవాడు గాల్టనే. పియర్సన్, ఫిషర్ ఇద్దరూ ఆ భావాన్ని నమ్మినవారే. 1907లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రం నిర్బంధ వంధ్యీకరణ చట్టం చేసింది. 1927లో అమెరికా సుప్రీంకోర్టు అలాంటి చట్టాలను సమర్థించింది. 1933లో నాజీ జర్మనీ అదే దారిలో నడిచి ఎంత దూరం వెళ్లిందో చెప్పనక్కరలేదు. విషాదమేమిటంటే, ఈ చట్టాల వ్యర్థతను నిరూపించే లెక్క కూడా అదే శాస్త్రంలో ఉంది. పదివేలమందిలో ఒకరికి వచ్చే అంతర్గత జన్యులోపాన్ని తీసుకుంటే, ఆ లోపాన్ని మోస్తూ ఆరోగ్యంగా తిరిగేవారు యాభైమందిలో ఒకరుంటారు. లోపపు జన్యువుల్లో నూటికి ఒక్కటి మాత్రమే రోగుల్లో ఉంటుంది, మిగతా తొంభైతొమ్మిదీ ఆరోగ్యవంతుల్లో దాగి ఉంటాయి. రోగులందరినీ వంధ్యులను చేసినా తరానికి నూరింట ఒక వంతు మించి తగ్గదు. క్రూరత్వం మిగిలింది, ఫలితం లేదు.

ఈ మాటను బహిరంగంగా, గట్టిగా చెప్పినవారిలో ముఖ్యుడు జె.బి.ఎస్. హాల్డేన్. 1937లో జూలియా బెల్‌తో కలిసి, రక్తం గడ్డకట్టని హీమోఫిలియా, వర్ణాంధత ఒకే క్రోమోజోము మీద ప్రక్కప్రక్కన ఉన్నాయని మానవుల్లో తొలిసారి లెక్కకట్టి చూపిన జంట అది. మరుసటి ఏడు వచ్చిన ‘హెరిడిటీ అండ్ పాలిటిక్స్’ పుస్తకంలో ఆయన సుజననవాదుల తర్కాన్ని వారి అంకెలతోనే ఎదుర్కొన్నాడు. 1957లో ఇంగ్లండు వదిలి కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చి, భారత పౌరుడై, పంచె లాల్చీ కట్టి, చివరకు భువనేశ్వర్‌లో స్థిరపడ్డాడు.

కలకత్తాలో ఆయన దగ్గర చేరిన కుర్రవాళ్లలో పిఠాపురంవాడు ద్రోణంరాజు కృష్ణారావు ఒకడు. తరువాత అమెరికాలో స్థిరపడి, 2017లో గురువు జీవితచరిత్ర ‘పాప్యులరైజింగ్ సైన్స్’ రాసినది ఈయనే. చెవి అంచున వెంట్రుకలు తండ్రి నుంచి కొడుక్కే వస్తాయని ఆయన సొంత ప్రాంతపు వంశవృక్షాలతో వాదించాడు. దక్షిణభారత పురుషుల వై క్రోమోజోములను పరీక్షించిన 2004 నాటి అధ్యయనం ఆ వాదం నిలవదని తేల్చింది. అంతకన్నా నిలిచిన పని మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రదేశంలో రక్తసంబంధ వివాహాల మీద చేసినది. పాశ్చాత్యులకు అపురూపమైన సమాచారం ఇక్కడ ఏ ఆసుపత్రి వరండాలో కూర్చున్నా దొరుకుతుంది. జబ్బుపడ్డ బిడ్డను ఎత్తుకొచ్చిన తల్లిని డాక్టరు మొదట అడిగేది “మేనరికమా అమ్మా?” అనే.

ఆ ప్రశ్న వెనక ఉన్న లెక్క చూడదగినది. బయటి సంబంధంలో పదివేలకు ఒకటి చొప్పున వచ్చే అంతర్గత లోపం, మేనత్త కొడుకుతోనో మేనమామ కొడుకుతోనో జరిగిన పెళ్లిలో సుమారు ఏడింతలవుతుంది. మేనమామతోనే జరిగితే సుమారు పదమూడింతలు. వినడానికి భయంకరంగా ఉన్నా, పదమూడింతలంటే పదివేలకు పదమూడు. ఒక్కొక్క జబ్బు విషయంలో తొంభైతొమ్మిది శాతానికి పైగా బిడ్డలు క్షేమమే. అలాంటి అరుదైన జబ్బులు వందలాదిగా ఉండడం వల్ల మొత్తం మీద ప్రమాదం లెక్కలోకి వస్తుంది. మేనరికాన్ని మూఢత్వమని తిట్టేవారికీ, మా తాతలనుంచీ చేసుకుంటున్నాం ఏమీ కాలేదనేవారికీ ఈ లెక్కలో చెరో సగం జవాబుంది. మేనరికం మాని కులంలోనే బయటి సంబంధం చేసుకున్నంత మాత్రాన కథ ముగియదని వైశ్యుల ఉదాహరణ చెబుతోంది. 2017లో సీసీఎంబీ శాస్త్రవేత్తలు భాగస్వాములైన అధ్యయనంలో 260కి పైగా దక్షిణాసియా సమూహాలను పరిశీలిస్తే, 81 సమూహాల్లో పూర్వీకుల సంకోచం ఫిన్లండువారిలోనూ, అష్కెనాజీ యూదుల్లోనూ కన్నా తీవ్రంగా ఉందని తేలింది. అక్కడ మేనరికం ఇంట్లో కాదు, కులం మొత్తంలో దాగి ఉంది.

ఈ శాస్త్రానికి పనిముట్లు అందించిన మరో తెలుగువాడు కల్యంపూడి రాధాకృష్ణారావు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, 1941లో కలకత్తా వచ్చి మహలనోబిస్ నీడన చేరాడు. ఐక్య రాష్ట్రాల్లో జనాల ముఖ, శిరఃకొలతలను మహలనోబిస్, మజుందార్‌లతో కలిసి విశ్లేషించాడు. కేంబ్రిడ్జి మ్యూజియంలో సూడాన్‌లోని జెబెల్ మోయా నుంచి తవ్విన అస్థిపంజరాలను కొలవడానికి వెళ్లి, ఫిషర్ దగ్గర డాక్టరేట్ చేస్తూ, ఆయన ఎలుకల జన్యువుల లెక్కలూ చూశాడు. 1948లో ఆయన ప్రతిపాదించిన స్కోర్ పరీక్ష, నేడు లక్షలమంది జన్యుపటాలను వడపోసే కంప్యూటరు ప్రోగ్రాముల్లో అంతర్వాహినిగా పనిచేస్తోంది. ఆ రోజుల్లో కంప్యూటర్లు లేవు. చేతితో తిప్పే లెక్కల యంత్రానికి భారం తగ్గాలని చేసిన ఉపాయాలు, కోట్ల పరీక్షలు ఒక్క రాత్రిలో చేయవలసిన కాలంలో మళ్లీ అక్కరకు వచ్చాయి.

ఆ కాలం 2005 తరువాత వచ్చింది. అంతకుముందు కుటుంబాలను వెదకి హంటింగ్టన్, సిస్టిక్ ఫైబ్రోసిస్ వంటి ఒంటి జన్యువు జబ్బులను పట్టుకున్న పద్ధతి, మధుమేహం దగ్గర చేతులెత్తేసింది. వందల గవ్వల్లో ఒక్క గవ్వ జాడ ఒక్క కుటుంబంలో కనబడదు. వేలమంది రోగులనూ, వేలమంది ఆరోగ్యవంతులనూ పక్కపక్కన పెట్టి, డీఎన్‌ఏలో లక్షల చోట్ల తేడాలు చూడాలి. 2007లో బ్రిటన్‌లో వెల్‌కమ్ ట్రస్ట్ ఆధ్వర్యంలో ఏడు జబ్బులకు రెండేసి వేలమంది చొప్పున రోగులనూ, మూడువేలమంది ఇతరులనూ పోల్చిన అధ్యయనం ఈ తరహా పనికి ఒరవడి అయింది. అందులో రక్తపోటుకు మాత్రం నమ్మదగిన జన్యువు ఒక్కటీ దొరకలేదు. ఒక్కొక్క గవ్వ బరువు అంత తక్కువ, నమూనా ఇంకా పెద్దదిగా ఉండాలి.

ఇక్కడ రెండు గోతులున్నాయి. మొదటిది లెక్కది. నూటికి ఐదుసార్లు పొరపాటు పడే పరీక్షను పది లక్షల చోట్ల చేస్తే యాభైవేల అబద్ధపు ఫలితాలు వస్తాయి. అందుకే ఇరవయ్యింట ఒక వంతు అనే పాత హద్దును పది లక్షలతో భాగించి, రెండు కోట్లలో ఒకటి అనే కఠినమైన హద్దు పెట్టారు. రెండవది జనానిది. అరిజోనాలోని పీమా ఆదివాసుల్లో ఒక రక్తగుర్తు ఉన్నవారికి మధుమేహం తక్కువని 1988లో గమనించారు. అది మధుమేహం నుంచి కాపాడే గుర్తు కాదు. ఐరోపా పూర్వీకులు ఎక్కువగా ఉన్నవారిలో కనిపించే గుర్తు. పూర్వీకుల లెక్క సరిచేసేసరికి సంబంధం మాయమైంది. కులాలుగా విడిపోయిన దేశంలో ఈ గొయ్యి ఎంత లోతో వేరే చెప్పాలా?

జాగ్రత్తగా వాడితే ఈ శాస్త్రం వైద్యుల నమ్మకాలనే సరిదిద్దగలదు. ‘మంచి కొలెస్టరాల్’ ఎక్కువైతే గుండెకు మేలని ఎన్నో ఏళ్లు రోగులకు చెప్పారు. దాన్ని పెంచే టార్సెట్రాపిబ్ అనే మందు పరీక్షను, మరణాలు పెరగడంతో 2006లో ఆపేశారు. మందు చెడ్డదా, నమ్మకం చెడ్డదా? తల్లిదండ్రుల జన్యువుల్లో ఏది బిడ్డకు వస్తుందన్నది చీటీ తీసినంత యాదృచ్ఛికం. అంటే పుట్టుకతోనే ప్రకృతి కొందరికి మంచి కొలెస్టరాల్ పెంచే చీటీ ఇచ్చింది. 2012లో ‘లాన్సెట్’లో వచ్చిన అధ్యయనం ఆ చీటీ పొందినవారిని లెక్కించి, వారికి గుండెపోట్లు ఏమీ తగ్గలేదని చూపింది. చికిత్సా పరీక్షల్లో యాదృచ్ఛిక విభజన ఎందుకు అవసరమో పంటపొలాల్లో నేర్పినవాడు ఫిషరే. ఆయన వేర్వేరుగా నాటిన రెండు మొక్కలూ ఇక్కడ కొమ్మలు కలిపాయి.

ఈ విద్యకు ఉన్న ఓర్పును చెప్పే మరో కథ హైదరాబాదుకు దగ్గరిది. గుండె కండరానికి సంబంధించిన ఎంవైబీపీసీ3 జన్యువులో 25 అక్షరాల లోటు నూటికి నలుగురు భారతీయుల్లో ఉందనీ, అది గుండె వైఫల్యానికి దారితీస్తుందనీ 2009లో తంగరాజ్ తదితరులు ప్రకటించారు. నూటికి నలుగురంటే కోట్లమంది. ఎందరికో అది పిడుగులాంటి వార్త. 2020లో మరింత పెద్ద విశ్లేషణ, గుండె కండరం మందమయ్యే వ్యాధి విషయంలో అసలు దోషి ఆ లోటు కాదనీ, దాన్ని మోసేవారిలో కొద్దిమందికి మాత్రమే దానితోపాటు సంక్రమించే వేరొక అరుదైన మార్పనీ చూపింది. ఆ పెద్ద గుంపులో అత్యధికులకు ఆ జబ్బు భయం అక్కరలేదని దాని అర్థం. మొదటి పరిశోధన అబద్ధం కాదు, అది తలుపు దాకా తీసుకువెళ్లింది. ఆ తలుపు వెనక ఎవరున్నారో చూడడానికి పదకొండేళ్లు పట్టింది. ఆ పదకొండేళ్లలో ఆ వార్త పట్టుకుని ఏ వైద్యుడైనా ఒక రోగిని భయపెట్టి ఉంటే, ఆ భయాన్ని ఏ విశ్లేషణా వెనక్కి తీసుకోలేదు.

ఇప్పుడు వేలకొద్దీ గవ్వల లెక్కను ఒకే అంకెగా కూడి, ఈ మనిషికి గుండెపోటు ప్రమాదం ఇంత అని చెప్పే రోజులు వచ్చాయి. కాని 2019 నాటి ఒక గణన ప్రకారం, ఇలాంటి అధ్యయనాల్లో పాల్గొన్నవారిలో నూటికి 79 మంది ఐరోపా సంతతివారు. ప్రపంచ జనాభాలో వారు 16 శాతం. లండన్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడిన గుంటూరు మనిషికి ఆ అంకెను యథాతథంగా వర్తింపజేస్తే, ఒకరి కొలతలకు కుట్టిన చొక్కా మరొకరికి తొడిగినట్టే. భారతీయుల పదివేల జన్యుపటాలు పూర్తిచేసిన జీనోమ్ ఇండియా వంటి పనులు ఈ లోటును పూడ్చే తొలి అడుగులు. ఎవరి రక్తం ఎవరు తీసుకున్నారు, ఆ సమాచారం ఎవరి మేలుకు ఉపయోగపడుతుంది అనే ప్రశ్నలు ఇండియానా చట్టం తరువాత ఎప్పటికీ అడుగుతూనే ఉండాలి.

హాల్డేన్ 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో పురీషనాళ క్యాన్సరుతో చనిపోయాడు. తన దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్యకళాశాలకు ఇవ్వాలనీ, చెడిపోకుండా చల్లబరచడానికయ్యే ఖర్చును తన ఆస్తిలోంచి అన్నిటికన్నా ముందు చెల్లించాలనీ వీలునామాలో రాశాడు. మనుషులను లక్షల్లో, కోట్లలో లెక్కపెట్టడం నేర్పిన వ్యక్తి, చివరకు విద్యార్థులు చూసి నేర్చుకోవడానికి ఒక్క దేహంగా గోదావరి జిల్లాకు చేరాడు. ఆ కళాశాలలో చదివి సముద్రాలు దాటిన వైద్యులు ఈనాడు ఎన్నో దేశాల ఆసుపత్రుల్లో ఉన్నారు. వారి తెరల మీద రోగుల ప్రమాదపు అంకెలు వెలుగుతుంటాయి. ఆ అంకెలు చూసిన తరువాత కూడా, మంచం పక్కకు కుర్చీ లాక్కుని “మీ నాన్నగారికి ఏమైంది, అమ్మ తరఫున ఎవరికైనా ఉందా?” అని అడగవలసిన పని వారికి మిగిలే ఉంటుంది.